తాడుకు ఇవతల నుంచి

నవ్వనని మాటిస్తే చెబుతాను. నవ్వినా చెబుతాననుకోండి, చెప్పకపోతే నాకే నిద్ర పట్టదు.

నాకు ఫొటో స్టూడియో ఉంది. ఇరవై రెండేళ్లుగా స్టూలు మీద కూర్చున్నవాళ్లనే తీస్తున్నాను. గడ్డం కొంచెం పైకి, కదలకండి అంటాను. వాళ్లు కదలరు. మా బావమరిది నోరు మూసుకుని ఉంటే నా బతుకు అలా సాఫీగానే సాగిపోయేది.

వాడు ఓరోజు భోజనానికొచ్చి, "బావా, కదిలేదాన్ని ఒక్కటైనా తీశావా ఎప్పుడైనా?" అన్నాడు.

"ఎందుకు తీయలేదురా," అంది మా ఆవిడ వడ్డిస్తూ. "పెళ్లైన కొత్తలో నన్ను తీస్తుంటే తుమ్మాను. ఆ ఫొటోలో నాకు మూడు ముక్కులున్నాయి."

అప్పుడే పంతం పట్టాను. మా ఇంటి ఎదురుగా ఉన్న మైదానంలో ఆదివారం హెలికాప్టర్ విన్యాసాలు. అది పక్కకి ఒరిగి, ముక్కు దించి దూకే క్షణాన్ని పట్టేసి స్టూడియో అద్దాల్లో పెడతాను. బావమరిది రోజూ దాని ముందు నుంచే ఆఫీసుకి వెళ్లాలి.

నిర్వాహకులు కరపత్రాలు పంచారు. మైదానం చుట్టూ కట్టే తాడుకు ఇవతల నుంచే ఫొటోలు తీయాలట. పైలట్ కళ్లలోకి వెలుగు కొట్టకూడదట. చుట్టుపక్కల మేడల మీద ఎగిరిపోయే గుడ్డలూ గొడుగులూ ఉంచకూడదట.

"తాడు వెనక నిలబడితే ముందువాళ్ల తలకాయలే పడతాయి," అన్నాను.

"తలకాయలు తీయడం మీకు అలవాటేగా," అంది మా ఆవిడ.

ఆమె ఆస్పత్రిలో ఎముకల వార్డు నర్సు. కబుర్లు చెబుతూనే కట్టు కట్టేస్తుంది. అయిపోయేదాకా రోగికి తెలియదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

నా పథకమంతా మా మేడ మీదే. దానికి మూడు వైపులే పిట్టగోడ. నాలుగో వైపు కడదాం కడదాం అంటూ పదేళ్లు గడిపేశాను. అక్కడి నుంచి పైలట్ వైపు ఫ్లాష్ రెండుసార్లు మెరిపిస్తే, ఎవరో పిలుస్తున్నారనుకుని నా వైపు తిరుగుతాడని నా లెక్క.

ఆదివారం పొద్దున్నే, "మేడ మీద లెన్సులు ఎండబెట్టాలి, బూజు పట్టాయి," అన్నాను.

"బూజు లెన్సులకేనా?"

"ఇంక దేనికి?"

"ఏం లేదులెండి, ఎండబెట్టుకోండి. జాగ్రత్తగా దిగండి, మా వార్డులో మంచాలు ఖాళీ లేవు."

పైన బట్టలు లేవు. బట్టలారేసే తాడూ లేదు. అడ్డు తొలగిందని సంతోషించాను.

హెలికాప్టర్ వచ్చింది. చెవులు దిమ్మెక్కాయి. ఫ్లాష్ నొక్కాను, వెలగలేదు. మళ్లీ నొక్కాను. విప్పి చూస్తే లోపల ఖాళీ.

"బ్యాటరీల కోసమా?" మెట్ల మీంచి మా ఆవిడ గొంతు. "ఒకటి గోడ గడియారానికి వేశాను. మిగతా మూడూ నా కొంగున ఉన్నాయి. ఆ మెరుపు అతని కళ్లలో పడితే ఏం కావాలి? అతను కూర్చున్నది మీ స్టూలు మీద కాదు."

"సరే, ఫ్లాష్ లేకుండానే తీస్తాను. నువ్వు వెళ్లు," అన్నాను, కెమెరాకి కన్ను ఆనించి.

"వెళ్తాను. ఉండండి, మీ నడుం బెల్టు మెలిపడింది," అంటూ నా వెనక్కి వచ్చింది. "మధ్యాహ్నానికి ఏం వండమంటారు?"

"ఏదో ఒకటి."

అంతలో హెలికాప్టర్ పక్కకి ఒరిగింది. ముక్కు దించి మైదానం మీదికి దూకింది. ఎంత బాగుందో చెప్పలేను. కానీ మొత్తం ఫొటోలో పట్టలేదు.

స్టూడియోలో పెద్ద కుటుంబం వచ్చి పట్టకపోతే, కెమెరాలోంచి కన్ను తీయకుండానే వెనక్కి నడుస్తాను. వీపుకి గోడ తగిలితే ఆగుతాను. ఇక్కడా అలాగే నడిచాను. రెక్కలు పట్టాయి, తోక పట్టలేదు. ఇంకో అడుగు వేశాను. ఇంకొకటి వేయబోయాను.

నడుము దగ్గర ఏదో గట్టిగా బిగుసుకుంది. ఒక్క అంగుళం కదల్లేకపోయాను. తల తిప్పి చూస్తే నా మడమకీ మేడ అంచుకీ మధ్య మూరెడు చోటుంది. రెండంతస్తుల కింద సిమెంటు రోడ్డు. బట్టలారేసే తాడు ఒక కొస నా బెల్టుకి, రెండో కొస నీళ్ల ట్యాంకు గొట్టానికి కట్టి ఉంది.

"గడ్డం కొంచెం పైకి. కదలకండి," అంది మా ఆవిడ, ఫోను ఎత్తి.

కదిలే ఓపిక నాకెక్కడిది? క్లిక్ మంది.

"మైదానంలో తాడు వద్దన్నారుగా. అందుకే ఇంటికి తెచ్చాను," అంటూ వచ్చి ముడి విప్పసాగింది. కబుర్ల మధ్య చిటికెలో వేసిన ముడి, విప్పబోతే మాత్రం ఎంతకీ రాలేదు. "రోజూ పడినవాళ్లనే చూస్తున్నానండీ. ఇంట్లో కూడా చూడలేను."

ఆమె చేతులు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

నా కెమెరాలో తోక లేని హెలికాప్టర్ అలుక్కుపోయి ఉంది. ఆమె ఫోనులో మాత్రం అటు హెలికాప్టర్, ఇటు నేను, ఇద్దరం ఒకే వాలులో ఒరిగి ఉన్నాం. బావమరిది దాన్ని నిర్వాహకులకు పంపాడు. ఈ ఏడు మైదానం గేటుకి నా నిలువెత్తు బొమ్మ పెట్టి, కింద 'ఫొటోగ్రాఫర్లకు మనవి: ఇలా తీయకండి' అని రాశారు. వాడు ఆఫీసు మానేసి మరీ చూసొచ్చాడు.

నాలుగో గోడ మాత్రం అప్పుడే, వారం తిరక్కుండా లేచింది. ఎవరైనా ఆ బొమ్మలోది ఎవరని అడిగితే, నేనేనని చెబుతాను. చెప్పడానికి మిగిలానంటే అంతా మా ఆవిడ చలవ.

ఈసారి ఇద్దరం తాడుకు ఇవతలే నిలబడ్డాం. నేనన్నట్టే తలకాయలు అడ్డొచ్చాయి. హెలికాప్టర్ పల్టీ కొడుతున్నప్పుడు మా ఆవిడ పకపకా నవ్వుతూ నా వైపు తిరిగింది. హెలికాప్టర్‌ని వదిలేసి ఆమెనే తీశాను.

కదులుతూనే ఉంది. అయినా ముక్కు ఒక్కటే పడింది.