ఒకే ఇంటి నుంచి ఐదుగురు

ఆ రోజు ఉదయం మిషనమ్మ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి ఇంట్లోంచి బయలుదేరాలి, పదింటికి సమావేశ మందిరంలో కూర్చోవాలి, తన వంతు రాగానే లేచి మూడు నిమిషాలు మాట్లాడాలి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. జాతీయ ప్రణాళికలో దుర్బల వర్గాల గొంతు కూడా వినిపించాలని ప్రభుత్వం సంకల్పించిందనీ, వచ్చిన ప్రతి ఒక్కరికీ మూడు నిమిషాలు ఇస్తారనీ వీధి చివర గోడకు కాగితం అంటించారు. నలభై ఏళ్లుగా కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి కనుక వీధిలో అందరికీ ఆమె మిషనమ్మే. అసలు పేరు దరఖాస్తులు నింపేటప్పుడు మాత్రమే ఆమెకు గుర్తుకొచ్చేది.

చెప్పవలసింది ఒక్క బస్సు గురించి. కూతురికి రెండు మూత్రపిండాలూ పాడైపోయాయి. మంగళవారం, శుక్రవారం ఆసుపత్రికి వెళ్లి నాలుగేసి గంటలు డయాలసిస్ యంత్రానికి ఒళ్లప్పగించి రావాలి. మొన్నమొన్నటిదాకా ఇంటికి తిరిగొచ్చే బస్సు ఆసుపత్రి గేటు ముందే ఆగేది. ప్రయాణంలో నాలుగు నిమిషాలు ఆదా అవుతాయని దానిని రోడ్డుకు అవతలి వైపు తిప్పారు. ఆ నాలుగు నిమిషాల కోసం, కాళ్లు తేలిపోతున్న మనిషి ఇప్పుడు ఇనుప కాలివంతెన ఎక్కి, దిగి, ఎండలో నిలబడాలి. పోయిన నెల కూతురు ఆ మెట్ల మీదే కళ్లు తిరిగి బోర్లా పడింది. ముందు పళ్లు రెండు ఊడిపోయాయి. "ఈసారి పడితే తల కావచ్చు" అని డాక్టరమ్మ చెప్పింది, రేపు వాన పడవచ్చు అన్నంత మామూలుగా.

"ఊఁ, మొదలుపెట్టు" అంది కూతురు మంచం మీద నుంచే, ఫోనులో గడియారం చూస్తూ.

"అయ్యా, నమస్కారం. మాది పాత గోడౌన్ వెనక వీధి. మా ఆయన పోయి పదకొండేళ్లయింది. ఆయన బతికున్న రోజుల్లో ఏ లోటూ..."

"ఆగాగు. నాన్న పోవడానికే నిమిషం పట్టింది. బస్సెప్పుడొస్తుందమ్మా?"

"వస్తుందిలే. నీకన్నీ తొందరే."

"తొందర నాది కాదు, నా కిడ్నీలది. ముందు బస్సు చెప్పు. తర్వాత నేను పడ్డం చెప్పు. ఆఖర్న టైముంటే ఏడువు."

"నేనెందుకే ఏడవడం? మాట్లాడ్డానికెళ్తున్నా."

"ఏడిస్తేనే వింటారమ్మా. అయినా నీకు చేతకాదులే."

సమావేశ మందిరం గుమ్మంలో ట్యాబ్ పట్టుకుని ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పేరు, ఇంటి నంబరు అడిగి, "వయసెంత మామ్మగారూ?" అంది. అరవై ఎనిమిది అనగానే ఒక పసుపు చీటీ తీసి ఆమె భుజానికి అతికించి, వృద్ధుల బల్ల చూపించింది. లోపల మొత్తం ఐదు బల్లలున్నాయి. ఒక మనిషి ఒకే బల్ల దగ్గర మాట్లాడాలనీ, ఆ బల్ల వారి ప్రధాన సమస్యకు చెందినదై ఉండాలనీ నియమం. మనుషులకు సమస్యలు ప్రధానం, అప్రధానం అని విడివిడిగా వస్తాయని ఆ నియమం రాసినవారి నమ్మకం.

వృద్ధుల బల్ల దగ్గరి ఉద్యోగి ఆమె వివరాలు కంప్యూటర్లో ఎక్కించుకుని, "మీ ఆయనగారు ఉన్నారా?" అని అడిగాడు.

"లేరు బాబూ."

"మరి ఇక్కడికెందుకొచ్చారు? వితంతువుల బల్ల అదిగో."

"ముసల్దాన్ని కూడా కదయ్యా."

"అది రాసుకున్నాను. కానీ మీ ప్రధాన సమస్య వైధవ్యం."

"నా ప్రధాన సమస్య బస్సు."

"బస్సు బల్ల లేదమ్మా."

వితంతువుల బల్ల దగ్గరి ఉద్యోగిని చాలా మర్యాదస్తురాలు. నీలం చీటీ అతికించి, వివరాలు ఎక్కించుకుని, అప్పుడు ఆమె ఎడమ కాలి వంక చూసింది. చిన్నప్పుడు జ్వరం వచ్చి సన్నబడిందనీ, ఆ కాలితోనే నలభై ఏళ్లు మిషను తొక్కాననీ మిషనమ్మ చెప్పింది. ఆ మాటతో ఆమె వికలాంగుల బల్లకు బదిలీ అయింది. అక్కడ కూతురి సంగతి ఎత్తేసరికి రోగులను చూసుకునేవారి బల్లకు, అక్కడ "జరుగుబాటెలాగమ్మా?" అంటే జాకెట్లు కుడతానన్నందుకు అసంఘటిత కార్మికుల బల్లకు పంపారు. ప్రతి బల్లా ఆమెను పంపించివేసే ముందు శ్రద్ధగా నమోదు చేసుకుంది. పన్నెండున్నర అయ్యేసరికి ఆమె భుజాన ఐదు రంగుల చీటీలున్నాయి. ఎక్కడా అర నిమిషం మాట్లాడలేదు.

"ఏంటక్కా, ఎన్నికల్లో నిలబడ్డావా?" అన్నాడు కార్మికుల బల్ల దగ్గర క్యూలో ఉన్న ముసలి హమాలీ.

"నిలబడ్డానయ్యా. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నా."

మధ్యాహ్నం రాజధాని నుంచి డైరెక్టరుగారు వచ్చారు. ఆయన చేతికి నమోదు జాబితా ఇచ్చారు. గోప్యత కోసం దానిలో పేర్లు తీసేసి ఇంటి నంబర్లు మాత్రం ఉంచారు. ఆయన దయగల మనిషి; జాబితాలను చివరిదాకా చదివే అలవాటు ఉన్నవాడు. మూడో పేజీలో ఆయన వేలు ఆగిపోయింది.

"ఒకే ఇంటి నుంచి ఐదుగురు! వృద్ధురాలు, వితంతువు, వికలాంగురాలు, రోగిని కనిపెట్టుకుని ఉన్న మనిషి, కుట్టుపని చేసే కార్మికురాలు. ఇన్ని కష్టాలు ఒకే కప్పు కిందా? నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటి కుటుంబాన్ని చూడలేదయ్యా. ఐదుగురినీ వేదిక మీదకు పిలిపించు."

ఆ ఆజ్ఞ సెక్షన్ ఆఫీసరు నెత్తిన పడింది. అతను ఇంటి నంబరు పట్టుకుని హాలంతా గాలించి, చివరికి మిషనమ్మ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, మీ ఇంట్లోవాళ్లు మిగతా నలుగురూ ఏరీ?"

"ఇంట్లో ఉన్నది మా అమ్మాయొక్కతే. దానికి ఓపిక లేదు."

"మరి ఈ వితంతువెవరు?"

"నేనే."

"వికలాంగురాలు?"

"నేనే బాబూ."

"కార్మికురాలు కూడా మీరేనా!" అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నా కొంప ముంచకండమ్మా. ఆయనడిగితే మిగతా నలుగురికీ ఒంట్లో బాగాలేదని చెప్పండి."

"లేనివాళ్లకి ఒంట్లో బాగుండకపోవడమేమిటయ్యా?"

"పోనీ, ఊరెళ్లారని చెప్పండి."

"ఏ బస్సులో?"

వేదిక మీద ఐదు కుర్చీలు వేశారు. మిషనమ్మ వెళ్లి మొదటి దానిలో కూర్చుంది. డైరెక్టరుగారు ఖాళీగా ఉన్న నాలుగింటి వంకా చూసి, "మిగతావారు రాలేదా అమ్మా?" అన్నారు.

"అందరం వచ్చేశామండి."

హాలు గొల్లుమంది. సెక్షన్ ఆఫీసరు కళ్లు మూసుకున్నాడు. డైరెక్టరుగారు నవ్వలేదు. ఆమె భుజం మీది చీటీలను ఒక్కొక్కటే చూశారు. ఆయనకు అర్థమైంది, కళ్లు చెమ్మగిల్లాయి. మైకు అందుకుని, ఒక్క మనిషి ఐదు బరువులు మోయడమనే విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఆ తరువాత మైకు ఆమెకిచ్చి, ఫొటోలు తీయించి, మూడు నిమిషాలన్నారు.

మిషనమ్మ ముందు బస్సు గురించి చెప్పింది. తరువాత కూతురు పడిపోవడం గురించి చెప్పింది. కొంగుముడి విప్పి, రెండు పళ్లు తీసి డైరెక్టరుగారి ముందు బల్ల మీద పెట్టింది. "ఆ బస్సును గేటు వైపు ఆపించండి చాలు. నాకు ఇంకేమీ వద్దు" అని మైకు తిరిగిచ్చేసింది. ఇంకా ఇరవై సెకన్లు మిగిలాయి. హాల్లో అందరూ చాలాసేపు చప్పట్లు కొట్టారు.

"ఈమె చెప్పింది ఒక్క అక్షరం పోకుండా రాయండి" అన్నారు డైరెక్టరుగారు. "ఒక్క బల్ల కింద రాస్తే అన్యాయం. ఐదు బల్లల కిందా రాయండి. ఈమెవి ఐదు గొంతులు."

సెక్షన్ ఆఫీసరు ఆ పూట మొదటిసారి ఊపిరి పీల్చుకుని, అలాగే రాయించాడు.

"ఏడ్చావా?" అంది ఇంట్లో కూతురు.

"లేదు."

"మరి విన్నారా?"

"ఐదుసార్లు రాసుకున్నారే!"

"అయితే ఐదు బస్సులొస్తాయి. కాస్త చూసి ఎక్కుదాం."

రెండు నెలలు గడిచినా బస్సు అవతలి వైపే ఆగుతోంది. ప్రణాళిక పుస్తకం అచ్చయిందని తెలిసి మిషనమ్మ ఆఫీసుకు వెళ్లింది. సెక్షన్ ఆఫీసరు లేచి నిలబడి కుర్చీ వేశాడు. మంచినీళ్లు తెప్పించాడు. ఆ మర్యాద చూసే ఆమెకు అనుమానం వచ్చింది.

"అభిప్రాయాలన్నీ రాజధానిలో ఒక కంప్యూటరు జల్లెడ పడుతుందమ్మా" అన్నాడు అతను మెల్లగా. "ఒకే పేరు, ఒకే ఇల్లు, ఒకే మాట ఐదుచోట్ల కనిపించేసరికి, ఎవరో కావాలని దొంగ అభిప్రాయాలు ఎక్కించారనుకుంది. తీసేసింది."

"నాలుగు తీసేసి ఒకటుంచొచ్చుగా బాబూ?"

"అసలుదేదో దానికి తెలియాలిగా. అందుకని ఐదూ తీసేసింది."

"నీకు తెలుసుగా అసలుదేదో."

అతను బల్ల మీది కాగితాలు సర్దాడు. అవి అప్పటికే సర్ది ఉన్నాయి. "తెలుసమ్మా. నన్నెవరూ అడగలేదు."

ఆ వీధి నుంచి వచ్చిన అభిప్రాయాలు సున్నా అని పుస్తకంలో ఉంది. స్థానికులెవరూ అభ్యంతరం చెప్పనందున బస్సు మార్పును శాశ్వతం చేసినట్టు తరువాతి పేజీలో ఉంది. మళ్లీ అభిప్రాయ సేకరణ ఐదేళ్ల తరువాతట. వారానికి రెండు చొప్పున ఐదేళ్లకు ఐదు వందల ఇరవై సార్లు వంతెన ఎక్కాలి. నలభై ఏళ్లు గజాలూ జానలూ కొలిచిన మనిషికి ఆ లెక్క వేళ్లతో పనిలేకుండానే వచ్చింది. కూతురికి అన్నిసార్లు మిగిలి ఉన్నాయో లేదో అనే రెండో లెక్కను ఆమె వేయలేదు. వెళ్లేటప్పుడు సెక్షన్ ఆఫీసరు ఆ పుస్తకం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు.

మరునాడు శుక్రవారం. డయాలసిస్ అయ్యాక కూతురు వంతెన మెట్లు సగం ఎక్కి, ఇక వల్లకాదని ఆగిపోయింది. ఇనుప మెట్టు పెనంలా కాలుతోంది. మిషనమ్మ సంచీలోంచి పుస్తకం తీసి మెట్టు మీద పరిచింది.

"కూర్చో తల్లీ."

కూతురు కూర్చోబోయి, అట్ట మీద మైకు పట్టుకున్న మనిషిని చూసి ఆగింది. "ఇది నువ్వే కదమ్మా?"

"నేనే. ముందు కూర్చో, పడిపోతావు."

"నీ మొహం మీదా? ఆగు, తిరగేసుకుంటా." కూతురు రొప్పుతూ పుస్తకం చేతిలోకి తీసుకుంది. "అయితే లోపల కూడా ఉన్నావా?"

"లేను."

కూతురు అట్టను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. లోపలి జాబితాలో లేని మనిషిని పేరుతో చూపించడానికి నిబంధనలు ఒప్పుకోవు కనుక, బొమ్మ కింద చిన్న అక్షరాల్లో 'ప్రతీకాత్మక చిత్రం' అని వేశారు.