మెట్టు లేని నిచ్చెన, మొహం చూపని ఫోను

గడియారం మామయ్యకు పంతం వచ్చిందంటే ముల్లు ఆగిపోయినట్టే. ఎంత కీ ఇచ్చినా కదలదు. వీధిలో అందరి గడియారాలూ బాగుచేసిపెట్టే మనిషి, తన పంతం దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేసి, ఎండలు మొదలైనప్పటి నుంచీ పక్కింటి బామ్మర్దితో మాటలు మానేశాడు.

పక్కింట్లో ఉన్నది పరాయివాడు కాదు, అత్తయ్య సొంత తమ్ముడు. బల్బులూ ఫ్యాన్లూ అమ్ముకునే కొట్టు ఉంది కాబట్టి మామయ్య అతన్ని బల్బుల బామ్మర్ది అనేవాడు. ఆ పేరే వీధికంతా అలవాటైపోయింది.

గొడవ ఆస్తి గురించి కాదు. నిచ్చెన గురించి. మామయ్య తన కొట్టు బోర్డు దుమ్ము దులపడానికి బామ్మర్ది నిచ్చెన తీసుకెళ్ళాడు. తిరిగి ఇచ్చేటప్పటికి నడిమధ్యలో ఒక మెట్టు లేదు.

"మెట్టేదీ బావగారూ?"

"నువ్విచ్చినప్పుడే లేదు."

"లేకపోతే మీరెలా ఎక్కారు?"

"నా కాళ్ళు పొడుగు."

మామయ్య కాళ్ళ పొడవు ఎంతో, ఆయన ప్యాంట్లు మడిచి కుట్టే దర్జీకి తెలుసు. బామ్మర్దికి ఒళ్ళు మండి, "అంత పొడుగు కాళ్ళాయనకే పనికొస్తుంది, మీరే ఉంచుకోండి" అన్నాడు. "నీ డొక్కు నిచ్చెన నాకెందుకు" అని మామయ్య అన్నాడు. దాంతో నిచ్చెన రెండిళ్ళ మధ్య సందులో, గోడకు ఆనుకుని ఉండిపోయింది. ఎవరు మేకు కొడితే వాళ్ళే తప్పు ఒప్పుకున్నట్టు కదా, అందుకని ఎవరూ కొట్టలేదు. ఏదో తీగ మొలిచి సుబ్బరంగా దాని మీదికి అల్లుకుంది. నిచ్చెన ఎక్కినది ఆ తీగ ఒక్కటే.

"చిన్నవాడు, వాడే ముందు పలకరించాలి" అని మామయ్య. "పెద్దవారు, ఆయనే ముందు పలకరించాలి" అని బామ్మర్ది. మధ్యలో అత్తయ్య మాత్రం, "మీరు మాట్లాడని ఇంటికి నేను మాత్రం ఎందుకు వెళ్తానండీ, నాకు మాత్రం పౌరుషం లేదా" అనేది. ఆ మాటకు మామయ్య ఛాతీ కాస్త పొంగేది.

ఇలా ఉండగా పొరుగూళ్ళో ఉన్న కూతురి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "నాన్నా, చిట్టిది కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది. ఒక్కోసారి చెయ్యి కూడా వదిలేస్తోంది. ఇవాళో రేపో నడిచేస్తుంది. వీడియోలోకి రండి, చూపిస్తాను."

మామయ్య గుండె అలారం గడియారంలా కొట్టుకుంది. మనవరాలి మొదటి అడుగు. గబగబా వీడియో బొమ్మ నొక్కాడు. ఫోను గిరగిరా తిరిగి, తిరిగి, 'టవర్ నెట్ మీద వీడియో కాల్ కుదరదు, వైఫై వాడండి' అని రాసి ఊరుకుంది.

చెప్పులు వేసుకుని సరాసరి ఫోను కంపెనీ దుకాణానికి పోయాడు. బల్ల వెనకాల ఉన్న అమ్మాయి నెమ్మదిగా చెప్పింది.

"మా కంపెనీలో అంతే అంకుల్. టవర్ మీద పాటలొస్తాయి, సినిమాలొస్తాయి, వీడియో కాల్ మాత్రం రాదు."

"సినిమాలో ముక్కూ మొహం తెలియనివాళ్ళందరూ రావచ్చు, నా మనవరాలు రాకూడదా అమ్మా?"

"అందరూ వీడియో కాల్స్ చేస్తే లైన్లు ఇరుకైపోతాయి అంకుల్."

"మా పిల్ల ఇంతే ఉంటుంది. ఎంత చోటు పడుతుంది చెప్పు."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ, "మీ దగ్గర్లో ఎవరింట్లోనైనా వైఫై ఉంటే అక్కడికెళ్ళి చూడండి" అంది. వీధి మొత్తానికి వైఫై ఉన్నది ఒక్క ఇంట్లో. ఎవరింట్లోనో వేరే చెప్పాలా.

ఇంటికొచ్చి అత్తయ్య చుట్టూ తిరిగాడు. "ఏమే, మీ తమ్ముడి వైఫై తాళం, అదే పాస్‌వర్డు, ఏమిటో ఓసారి కనుక్కోరాదూ."

"నేనా? పౌరుషం ఉన్న ఇంటి కోడల్ని. మీరే అడగండి."

"నేనడిగితే మాట్లాడినట్టవుతుంది."

"మాట్లాడకుండా అడగండి. సైగ చెయ్యండి."

"ఈ కంపెనీ ఇలా చేస్తుందని ముందే తెలిస్తే..."

"ఎంచుకున్నది మీరే. నాకు కూడా బలవంతాన అదే సిమ్ము వేయించారు. నా బటన్ల ఫోనులో వీడియో ఎలాగూ రాదనుకోండి, బతికిపోయాను."

మర్నాడు మధ్యాహ్నం మామయ్య కొట్టు మూసి, అన్నం తిని, రోజూలా నిద్రపోలేదు. అత్తయ్య సంచీ పట్టుకుని, "బజారుకెళ్ళొస్తాను" అంది. మామయ్యకు కావలసింది అదే. మొదటి అడుగు తనొక్కడే చూసేసి, సాయంత్రం ఆవిడకు తీరిగ్గా వర్ణించి చెప్పాలని ప్లాను.

ఫోను పట్టుకుని సందులోకి వచ్చాడు. గోడ దగ్గర నిలబడితే బామ్మర్ది వైఫై ఒక గీత చూపించింది. నిచ్చెన మీద కాలు పెడితే రెండు గీతలు. పై నుంచి ఎండ మాడ్చేస్తోందని తలకు తువ్వాలు చుట్టాడు. ఫోను తెర కనపడటం లేదని, కొట్లో గడియారాల మరలు చూసే నల్ల గొట్టం భూతద్దం ఒక కంటికి తగిలించాడు. తీగను తప్పించుకుంటూ ఎక్కాడు. మెట్టు లేని చోట కాలు దానంతటదే పై మెట్టు మీదికి పోయింది. కళ్ళు మర్చిపోయినా కాళ్ళు మర్చిపోవు మరి.

గోడ పైకి తల వచ్చేసరికి గీతలు నిండిపోయాయి. తాళం పేరు అడుగుతుందేమోనని మామయ్య భయపడ్డాడు. అడగలేదు. ఫోను తనంతట తానే టక్కున తగులుకుంది.

'గడియారాలు తిప్పిన చెయ్యి ఇది. తగిలితే చాలు, యంత్రం వింటుంది' అని మురిసిపోయి, కూతురికి వీడియో కాల్ చేశాడు.

"నాన్నా, భలే టైముకొచ్చారు. ఉండండి, అందర్నీ కలుపుతాను."

అందరూ ఎవరో అడిగేలోపే తెర ముక్కలైంది. ఒక ముక్కలో చిట్టిది కుర్చీ పట్టుకుని ఊగుతోంది. ఇంకో ముక్కలో అత్తయ్య. సోఫాలో వెనక్కి వాలి, చేతిలో టీ గ్లాసు. పక్కన బల్బుల బామ్మర్ది, వాడి పెళ్ళాం. బజారు సంచీ సోఫా చేతి మీద ఖాళీగా వేలాడుతోంది.

మామయ్యకు కోపం రావాలి. రాబోయింది కూడా. కానీ ఈలోగా అత్తయ్య వెనక కిటికీలో కనపడినది చూసి కోపం గొంతులోనే ఆగిపోయింది. గోడ మీది నుంచి ఎవడో తొంగిచూస్తున్నాడు. తలకు గుడ్డ, ఒక కంటికి నల్లటి గొట్టం. ముగ్గురిలో ఒక్కరూ వెనక్కి చూడటం లేదు.

పంతం, పౌరుషం, పెద్దరికం, అన్నీ ఒక్క క్షణంలో ఎగిరిపోయాయి.

"ఒరేయ్ బామ్మర్దీ, నీ కిటికీ వెనకాల దొంగ వెధవరా! మీ అక్కను లోపలికి లాగు!"

ముగ్గురూ గిర్రున వెనక్కి తిరిగారు. మామయ్య గాల్లో చెయ్యి ఊపాడు. ఒక్క క్షణం ఆగి తెరలో దొంగ కూడా చెయ్యి ఊపాడు. మామయ్య భూతద్దం తీశాడు. ఒక్క క్షణం ఆగి దొంగ కూడా తీశాడు.

"దొంగ మనవాడే" అంది అత్తయ్య, టీ తాగుతూ.

సిగ్గుతో దిగిపోదామని మామయ్య గబుక్కున కాలు కిందికి దించాడు. ఎక్కేటప్పుడు గుర్తున్న కాలు దిగేటప్పుడు మర్చిపోయింది. మెట్టు లేని చోట తొడ దాకా దిగబడి, ఒక చేత్తో గోడ, ఒక చేత్తో ఫోను పట్టుకుని వేలాడాడు. బామ్మర్ది పరుగెత్తుకొచ్చి గాల్లో ఆడుతున్న కాలు ఒడిసిపట్టుకున్నాడు.

"నాన్నా, వదిలేసింది, కుర్చీ వదిలేసింది" అని ఫోనులో కూతురి కేక.

"నువ్వు మాత్రం వదలకురా" అన్నాడు మామయ్య బామ్మర్దితో.

"వదలను గానీ, ఫోను కాస్త ఇటు తిప్పండి బావగారూ, నాకు కనపడట్లేదు."

తిప్పాడు. పైన బావ, కింద బామ్మర్ది, మధ్యలో తీగ. చిట్టిది రెండు చేతులూ చాపి, తెరలో వంకరగా వేలాడుతున్న తాతయ్య మొహాన్ని చూసి కిలకిలా నవ్వి, ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకొకటి వేసింది. ఆ తర్వాత అడుగులన్నీ ఒకేసారి వేసేసి, తిన్నగా ఫోను మీదికొచ్చి దాని మీదే చతికిలబడింది. తెర నిండా చీకటి.

"నడిచిందిరా" అన్నాడు మామయ్య.

"నడిచింది బావగారూ" అన్నాడు బామ్మర్ది. పట్టుకున్న కాలు వదలకుండానే, "ఈ మెట్టు మీకిచ్చినప్పుడే లేదుగా, గుర్తులేదా?" అన్నాడు.

"రేపు మేకులు తెస్తాను, నువ్వు పట్టుకో" అన్నాడు మామయ్య.

లోపలికి తీసుకెళ్ళి సోఫాలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. మామయ్య కాస్త పరువు దక్కించుకుందామని, "ఏమైనా తాళం అడక్కుండానే వైఫై పట్టేశానా లేదా" అన్నాడు.

బామ్మర్ది పెళ్ళాం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "చెప్పండి వదినా."

"మీరు మధ్యాహ్నం గుర్రు పెట్టగానే మీ ఫోను రోజూ ఇక్కడికే వస్తుందండీ, నా చేతిలో" అంది అత్తయ్య. "చిట్టిది కుర్చీ పట్టుకోవడం నేర్చుకున్నది నా కళ్ళముందే. ఆ వైఫైకి మీకంటే మీ ఫోనే బాగా అలవాటు."

"మరి పౌరుషం?"

"ఉంది. మీరు లేచేసరికి ఇంటికొచ్చేస్తున్నానుగా."

నిచ్చెన బాగయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒకరోజు మామయ్య ఫోనుకు కంపెనీ కబురొచ్చింది. ఇకనుంచి టవర్ నెట్ మీద కూడా వీడియో కాల్స్ వస్తాయని. మామయ్య అటూ ఇటూ చూసి, చటుక్కున దాన్ని చెరిపేశాడు. తర్వాత గట్టిగా నిట్టూర్చాడు.

"ఏం కంపెనీయోనే. ఇవాళా టవర్ మీద రావట్లేదు. తప్పదు, మీ తమ్ముడింటికే పోవాలి."

అత్తయ్య అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో బటన్ల ఫోను అప్పుడే వచ్చిన కబురుతో వెలుగుతోంది.

"పదండి" అంది. "నాదీ అదే కంపెనీ."