సహజమైన మునక

రచయిత తన జీవితాన్నే నవలగా రాసినప్పుడు, అందులో పాఠకులు నమ్మని సంగతులు ఆ రచయిత జీవితంలోంచి కూడా తొలగిపోతాయన్నది అందరికీ తెలిసిన నిబంధనే కాబట్టి, పుస్తకం బయటికొచ్చిన కొద్దిరోజులకే భుజం మీది పాత మచ్చ మాయమైతే మైలపల్లి నూకరత్నం పెద్దగా కంగారుపడలేదు. పడుచుతనంలో తమ్ముడి చొక్కా తొడుక్కుని, మగవేషంలో అతనితోపాటు సముద్రం మీద వేటకి వెళ్లినప్పుడు కొమ్ముకోనెం చేప పొడిచిన మచ్చ అది. చేప ఆడమనిషిని అంత సూటిగా పొడవదని పాఠకులు అభిప్రాయపడ్డారు. వాళ్లలో ఎక్కువమంది చేపని కంచంలో తప్ప ఇంకెక్కడా చూసినవాళ్లు కారు, అది వేరే సంగతి.

తర్వాత ఇంజను వంతు వచ్చింది. నడిసముద్రంలో ఆగిపోయిన ఇంజనుని జడపిన్నుతో బాగుచేసిన అధ్యాయం మరీ సినిమాలా ఉందన్నారు. మర్నాటినుంచి ఆమెకి ఇంజను గురించి ఒక్క ముక్క గుర్తు రాలేదు. పోతే పోయిందిలే అనుకుని ఎండుచేపల గంప ఎత్తుకుని బజారుకి వెళ్లింది. ఎందుకంటే ఆ నవల ఆమె రాసింది వీటికోసం కాదు, తమ్ముడు పోలారావు కోసం. తుఫానులో బోటు తిరగబడినప్పుడు చేతికి దొరికింది ఒకే ఒక్క ఖాళీ డ్రమ్ము. అది ఒక్క మనిషినే మోస్తుంది. పోలారావు దాన్ని అక్క వైపు తోసేసి తను మునిగిపోయాడు. ఆ సంగతి లోకానికి తెలియాలని పట్టుబట్టి, పెద్ద వయసులో రాత్రి బడికి వెళ్లి అక్షరాలు దిద్దుకుని మరీ రాసింది.

అందుకే ఆ అధ్యాయం మీద కూడా అభిప్రాయాలు అందాయని పాఠకాభిప్రాయాల అమలు కార్యాలయం నుంచి కబురొచ్చినప్పుడు మాత్రం ఆమె గుండె జారిపోయింది. అక్కడి సూపరింటెండెంటు భుజంగరావు చెడ్డవాడేం కాదు. కుర్చీ వేయించి, టీ తెప్పించి, విషయం మెల్లగా చెప్పాడు. పుట్టినప్పటినుంచీ నీళ్లలో పెరిగిన మగవాడు మునిగిపోవడమేమిటి, ఆడది ఒడ్డుకి చేరడమేమిటి అని చాలామందికి మింగుడుపడలేదట. అలాంటివాడు పోవాలంటే గట్టి కారణం ఉండాలన్నారట. తాగి బోటులోంచి జారిపడ్డాడంటే బాగా నప్పుతుందని సూచన కూడా చేశారు. శుక్రవారం నుంచి అమలు.

"మావోడు సుక్క ముట్టనోడు బాబూ," అంది నూకరత్నం.

దానికి పేటంతా కదిలొచ్చి సాక్ష్యం చెబుతుందని, ఆ రోజు అతను బోటెక్కడం ఒడ్డు నుంచి చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారని చెప్పింది. భుజంగరావు నొచ్చుకుంటూ తల అడ్డంగా ఊపాడు. కళ్లారా చూసినవాళ్ల మాట చెల్లదన్నాడు. వాళ్లు పుస్తకం చదవలేదు కదా.

ఇంకొకరైతే ఏడ్చి ఇంటికి పోయేవారే. నూకరత్నం జగమొండి. గంపతో సహా వచ్చి ఆఫీసు వరండాలో బైఠాయించింది. ఎండుచేపల వాసనకి గుమాస్తాలు ముందు కిటికీలు తెరిచారు, తర్వాత మూశారు, చివరికి సగంమంది సెలవు పెట్టారు. నా బతుకులో ఇంకేం కావాలన్నా కొట్టేసుకోండి గానీ, నాకు ప్రాణం పోసి పోయినవాణ్ణి తాగుబోతుని చేస్తే మాత్రం ఇక్కణ్ణుంచి కదిలేది లేదని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పింది.

గురువారం సాయంత్రం భుజంగరావుకే ఒక దారి తోచింది. సవరణ కోరే హక్కు రచయితకి ఉంది. ఒకరు బతకడం మీదా, ఒకరు పోవడం మీదా పాఠకులకి అభ్యంతరం లేదు. ఎవరన్న దగ్గరే పేచీ. అది అటూ ఇటూ చేస్తే ఇక తాగుడు ప్రసక్తే రాదు.

అలా మారిస్తే తమ్ముడు ఎన్నాళ్లు బతుకుతాడని అడిగింది నూకరత్నం. ఈరోజుకీ బతికే ఉంటాడని, పెళ్లీ పిల్లలూ అన్నీ మామూలుగా జరిగిపోయి ఉంటాయని చెప్పాడు భుజంగరావు. మరి రాసిన మనిషే లేకపోతే పుస్తకం ఎలా ఉంటుందన్న అనుమానం ఆమెకి రాకపోలేదు. అందులో ఇబ్బందేమీ లేదట. చనిపోయిన రచయితలతో కార్యాలయానికి మొదటినుంచీ సత్సంబంధాలే ఉన్నాయి. వాళ్లు దేనికీ అడ్డు చెప్పరు.

"అయితే డ్రమ్ము ఆడికిచ్చెయ్యండి బాబూ," అంది. "తోసింది నానేనని రాయండి. అదొక్కటీ సాలు."

అలాగే రాశారు. శుక్రవారం తెల్లారేసరికి ఆమె ఎప్పుడో పడుచుతనంలోనే మునిగిపోయి ఉంది.

రెండో ముద్రణకి గ్రంథాలయం మేడమీద సభ పెట్టారు. పోయినవాళ్లకి కుర్చీల కేటాయింపు లేదు కాబట్టి నూకరత్నం గోడవారగా నిలబడింది. వేదిక మీద ఆమె ఫొటోకి దండ వేసి, పక్కనే కూర్చున్న పోలారావుకి శాలువా కప్పారు. అతనికి జుట్టు నెరిసింది, కాస్త పొట్ట కూడా వచ్చింది. ముందువరసలోంచి ఒక పిల్ల నాన్నా అని పిలిచి చెయ్యి ఊపింది. ఎప్పుడో ఆగిపోయిన మొహం అలా నిండుగా ముదిరి కనబడేసరికి నూకరత్నానికి సంతోషం పట్టలేదు.

పాఠకులు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. ఇప్పుడు కథ ఎంతో సహజంగా ఉందని, ఆడమనిషి బోటెక్కితే ఏమవుతుందో కళ్లకి కట్టిందని మెచ్చుకున్నారు. బతికుంటే ఇంకెన్ని రాసేదో పాపం అని ఒకావిడ కళ్లొత్తుకుంది. ఆమె పక్కనే నిలబడ్డ నూకరత్నం కూడా అయ్యో అనుకుంది. ఆఖరున లేచినాయన మాత్రం ఒక్క చిన్న లోపం ఎత్తి చూపాడు. మునిగిపోతున్న ఆడది డ్రమ్ముని అంత బలంగా తోయడం కొంచెం అతిగా ఉందన్నాడు. సభలో చాలా తలలు నిజమే అన్నట్టు ఊగాయి. ఓ మూల నిలబడ్డ భుజంగరావు ఆ తలల్ని లెక్కపెట్టుకుని, చేతిలోని పుస్తకంలో ఒక వాక్యం కొట్టేశాడు.

అప్పుడు మైకు పోలారావు చేతికిచ్చి, అక్క గురించి రెండు మాటలు చెప్పమన్నారు. అతను లేచి ఫొటో వైపు చూశాడు. ఏదో గుర్తు తెచ్చుకోబోయినట్టు నుదురు రుద్దుకున్నాడు.

"ఆ డ్రమ్ము ఎలాగొచ్చిందో నాకు తెల్దండి," అన్నాడు. "దొరికింది. పట్టుకున్నాను, బతికినాను."

హాలంతా చప్పట్లు మోగాయి. తోసింది నానేనని అనబోయి నూకరత్నం ఓ అడుగు ముందుకేసింది. మళ్లీ అతని వైపు చూసింది. మనిషి నిక్షేపంలా ఉన్నాడు. ఆమె కూడా చప్పట్లు కొట్టింది.