అలుమ్ని అనబడే మేము

అయ్యలారా, అమ్మలారా! ఈ కాలంలో మనిషికి గౌరవం రావాలంటే చదువక్కర్లేదు, 'అలుమ్ని' అనే ఒక్క మాట చాలు!

'పాత స్టూడెంట్' అంటే ఏముంది? పాత సైకిలూ, పాత చెప్పులూ గుర్తొస్తాయి. 'పూర్వ విద్యార్థి' అంటే మనిషి ఉన్నాడో పోయాడోనని అనుమానం. అదే అలుమ్ని అనండి, పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పి చదువు మానేసిన నాకే ఛాతీ ఉబ్బింది!

ఒక్క మగవాడికైతే ఒక మాట, ఒక్క ఆడమనిషికైతే ఇంకో మాట ఉన్నాయట. మా ఇంగ్లీషు మాస్టారు అదంతా వివరించబోతే మైకు కట్ చేశాం. సమ్మేళనానికొచ్చి పాఠం వినడమేంటండీ?

పాలకొల్లు దగ్గర మా హైస్కూల్లో మొన్న జరిగిందా సమ్మేళనం. ఫ్లెక్సీ మీద 'అల్యూమినియం సమ్మేళనం' అని పడింది. పక్కూరి నుంచి ఇద్దరు పాత గిన్నెలు పట్టుకొచ్చారు, మార్చుకుందామని. వాళ్లకీ భోజనం పెట్టాం.

ఆ భోజనం వండింది రెబెక్కా. ఎనిమిదో తరగతి దాకా మా క్లాసే. ఇప్పుడదే బడిలో పిల్లలకి మధ్యాహ్నం వండి పెడుతోంది. గ్రూప్ ఫొటోకి తననీ పిలుద్దామన్నాను.

"ఆవిడ మధ్యలో మానేసిందిగా! అలుమ్ని అంటే పాసైనోళ్లండి" అన్నాడు మా వాట్సాప్ అడ్మిన్, రొయ్యల చెరువుల భీమరాజు.

"మరి నేనూ పాసవలేదుగా?"

"మీ సంగతి వేరండీ బాబూ!"

ఎలా వేరో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. కండువా కప్పితే కప్పించుకున్నాను. సిగ్గేసింది మాత్రం నిజం.

ఆ సిగ్గుతోనే ఫోన్లో డిక్షనరీ తీశాను. లాటిన్ మాటట. అసలర్థం ఏంటో తెలుసా? ఒకరు తిండి పెట్టి పెంచిన బిడ్డ! పాసు, ఫెయిలు ఊసే లేదు. ఈ లెక్కన విస్తళ్ల ముందు కూర్చున్న మేమంతా ఎవరి అలుమ్ని? సాక్షాత్తూ రెబెక్కా అలుమ్ని!

పరుగున వెళ్లి ఈ సంగతి తనకి చెప్పి, ఫొటోకి రమ్మన్నాను. గంగాళం కడుగుతూ పకపకా నవ్వింది.

"నాకెందుకండీ ఆ పేరు? అది బడొదిలేసి పోయినోళ్లకి కదండీ! నేనింకా బళ్లోనే ఉన్నానుగా!"