‘చాలు’ అనే హక్కు

లోకంలో ఏ కరెంటుకైనా రెండు తీగలుంటే సరిపోతుంది. కండరానికి పెట్టే కరెంటుకు మాత్రం ఆ కండరాన్ని కన్నతల్లి అనుమతి కూడా కావాలి.

మోకాలి ఆపరేషన్ తర్వాత కూతురి తొడ కండరం పని మానేసింది. నెలాఖరులోగా మెట్లెక్కలేకపోతే అగ్నిమాపక శిక్షణలో ఆమె చోటు ఇంకొకరికి పోతుంది. (చోటు పోతుందేమోనని అమ్మకు భయం. పోకపోతే మంటల్లోకి వెళ్తుందని ఇంకా భయం.)

ఫారంలో అడిగారు: గుండెలో యంత్రముందా? లేదు. గర్భమా? లేదు. చర్మం మీద పుండ్లా? లేవు. ‘భయమా?’ అనే గడి లేదు. అమ్మే స్కేలు పెట్టి గీసి, ‘అవును’ అని రాసింది.

ఫిజియోథెరపీ మేడమ్ తొడకు జిగురు పట్టీలు రెండు అంటించింది. “ముందు చీమలు పాకినట్టుంటుంది. తర్వాత కండరం బిగుస్తుంది, అప్పుడు నువ్వూ కాలు చాపాలి. మెల్లగా పెంచుతాను, ఇక చాలనిపిస్తే చెప్పు.”

‘చాలు’ వినపడిన చోట ఆగాలన్నది ఆ విభాగం నిబంధన. అది ఎవరి నోటినుంచి రావాలో అందులో లేదు. (రాసినాయనకు తల్లి ఉండి ఉండదు.)

డబ్బా మీది మీట ‘1’ అంకె దగ్గరికి వచ్చింది. “తెలుస్తోందా?”

“తెలుస్తోంది, చాలు చాలు!” అంది అమ్మ.

మేడమ్ నిబంధన ప్రకారం ఆగింది. ఎనిమిది రోజులు అలాగే ఆగింది. అది చిన్న బ్యాటరీతో నడిచే డబ్బా అని చెప్పినా, అమ్మ రబ్బరు చెప్పులు విడవలేదు. “పిడుగు మాత్రం చెప్పి పడుతుందా?” అంది.

తొమ్మిదో రోజు టేపుతో కొలిస్తే తొడ ఇంకో అర సెంటీమీటరు తగ్గింది.

“మిషన్లోనే ఏదో లోపముంది,” అంది అమ్మ.

“మిషన్ బాగానే ఉందమ్మా. ఎనిమిది రోజులూ నీకు పెట్టారు. నా మీద ఒక్క చీమా పాకలేదు,” అంది కూతురు.

“మరి చెప్పవేమే?”

“నువ్వు సందిస్తేగా!”

ఆ రోజు అమ్మను బయట కూర్చోబెట్టి తలుపు వేశారు. లోపలినుంచి కూతురి గొంతు: “ఇంకా... ఇంకొంచెం... ఇంకా...” ప్రతి ‘ఇంకా’కీ అమ్మ లేచి నిలబడింది. చివరికి “ఆఁ, చాలు!” వినపడగానే ఆగలేక తలుపు తోసింది. మడమ మంచం మీదినుంచి బెత్తెడు పైకి లేచి ఉంది. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మేడమ్ రిజిస్టరు రాసి సంతకానికి చాపింది: ‘కండరం కదిలింది. చికిత్సకు ఇన్నాళ్లూ ఉన్న ఆటంకాన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టడమైనది.’

అమ్మ రెండుసార్లు చదివి సంతకం చేసింది. ‘రోగితో సంబంధం’ అన్న చోట, ‘తల్లి’ అని రాసింది.