భోజనాల బల్ల మీద కందకం

ప్రతి ఇంట్లోనూ ఒక యుద్ధం ఉండాలి. ఆలుమగల మధ్య యుద్ధం గురించి కాదు చెప్పేది, దానికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. ముళ్ళకంచెలూ ఫిరంగులూ బురదగుంటలూ ఉన్న అసలు సిసలు యుద్ధం, అదీ భోజనాల బల్ల మీద ఉండాలి. అప్పుడుగానీ ఇంట్లోవాళ్ళకు శాంతి విలువ తెలియదు!

నమ్మకం కుదరకపోతే జనరల్‌గారిని చూడండి. ఆయన నిజం జనరల్ కాదు లెండి. ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు తిరగ్గొట్టే ఉద్యోగి. ఆదివారం పూట బొమ్మ సైనికులతో పాత యుద్ధాలు ఆడుకునే క్లబ్బు ఒకటుంది, ఆ బిరుదు అక్కడిది. క్లబ్బులో అందరికీ నలభై దాటాయి. ఒక్కరూ తుపాకీ ముట్టుకున్న పాపాన పోలేదు. యుద్ధం మీద అంత స్పష్టమైన అభిప్రాయాలు మరెలా వస్తాయి?

జనరల్‌గారు కందకం కడుతున్నారు. వందేళ్ళ కిందటి ట్రెంచ్, వేలి కణుపంత సైనికుల కోసం. థర్మోకోల్ కోసి వంకరటింకర కాలువ తీశారు. ఐస్‌క్రీం పుల్లలు చీల్చి గోడలకు పలకలు అతికించారు. పుట్టీని బియ్యపుగింజంత ముద్దలు చేసి, గుడ్డతో ఒత్తి నేత గుర్తులు పడేట్టు చేస్తే అవి ఇసుక బస్తాలు. వాడేసిన కాఫీ పొడి జిగురులో కలిపితే బురద, దాని మీద వార్నిష్ చుక్క వేస్తే నిలవనీళ్ళు. ఆ నీళ్ళలో ఒక బూటు కూడా పడి ఉంది, ఆవగింజంత. దానికి లేసులున్నాయి. భూతద్దం పెట్టుకుంటే కనిపిస్తాయి, పెట్టుకోకపోతే ఆయనే చెబుతారు.

పై వాటాలో ఆయన చెల్లెలు ఉంటుంది. ఆమె భర్త సైన్యంలో ఉన్నాడు, నిజంగానే. ఎక్కడో సరిహద్దు దగ్గర, కందకంలోనే అతని ఉద్యోగం. పాప పుట్టాక ఇంటికి వచ్చింది తక్కువ. ఫోన్‌లో కనిపిస్తే పాప "నాన్న" అంటుంది, ఎదురుగా నిలబడితే కర్టెన్ వెనక దాక్కుంటుంది. ఇప్పుడు సెలవు మీద వస్తున్నాడు. ఈ సెలవులో ఎలాగైనా పిల్లను తండ్రికి మాలిమి చెయ్యాలని ఆ తల్లి ఆశ. అంతకుమించి ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

జనరల్‌గారి ఆశ దానికంటే చాలా పెద్దది. నిఖార్సయిన కందకంలో నానిన మనిషి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు! ఊరికే వదులుకుంటారా? సంచి దించీ దించకముందే గుమ్మంలో పట్టుకున్నారు.

"బావా, ఒక్క ఐదు నిమిషాలు. ఈ బస్తాల వరస చూసి చెప్పు, చాలు."

బావ మొహమాటస్తుడు. చూశాడు, బాగుందన్నాడు. అదే అతను చేసిన తప్పు. బస్తాలు బాగుంటే సరిపోతుందా? మరి మలుపు? మరి నిచ్చెన? మరి నిలబడి కాల్చే మెట్టు ఎత్తు? ఆ పూట నుంచి బావ కుర్చీ బల్ల దగ్గరే, చేతిలో పట్టకారు. సెలవు మీద వచ్చిన సైనికుణ్ణి కూర్చోబెట్టి కందకం తవ్వించడం! ఇంతటి దేశసేవ ఏ ప్రభుత్వమైనా చేయించుకోగలిగిందా?

పాపకు మాత్రం ఆ గదిలోకి ప్రవేశం లేదు. ఒకసారి ఒక లెఫ్టినెంటును నోట్లో పెట్టుకుంది. భద్రత ముఖ్యం కదా, లెఫ్టినెంటు భద్రత! అందుకని తలుపు మూసే ఉండేది. లోపల తండ్రి బస్తాలు పేర్చేవాడు, బయట పిల్ల తలుపు బాదేది. లోపలున్నది నాన్న అని కాదు పాపం, మూసిన తలుపు గనక బాదేది.

చెల్లెలు మెట్లు దిగి వచ్చింది. "అన్నయ్యా, పాపని పార్కుకి తీసుకెళ్దామనుకున్నాం. ఆయన్ని కాస్త పంపిస్తావా?"

"జిగురు పచ్చిగా ఉందమ్మా. ఇప్పుడు వదిలేస్తే గోడ ఒరిగిపోదూ?"

గోడ ఒరిగిపోతే ఎంత ఘోరం! యుద్ధరంగం తెలియనివాళ్ళకు ఇవన్నీ ఎలా అర్థమవుతాయి? ఆమె పాపను చంకనేసుకుని ఒక్కతే పార్కుకు వెళ్ళింది.

ఆదివారం క్లబ్బువాళ్ళు దిగారు. బల్ల చుట్టూ మూగి ఆహా అన్నారు, ఓహో అన్నారు. "నిజంగా యుద్ధంలో నిలబడ్డట్టే ఉందండీ, ఆ వాసన కూడా వస్తోంది" అన్నాడు ఒక పళ్ళ డాక్టరు, బిస్కెట్టు కొరుకుతూ. వచ్చింది కాఫీ వాసన. జనరల్‌గారు ఉబ్బితబ్బిబ్బై బావ వైపు తిరిగారు.

"మొహమాటం లేకుండా చెప్పు బావా. దీంట్లో ఏం తక్కువైంది?"

బావ బల్ల మీదికి వంగి చాలాసేపు చూశాడు. "అన్నీ ఉన్నాయండీ. వీళ్ళకి సెలవెప్పుడు?"

క్లబ్బంతా గొల్లుమంది. జనరల్‌గారు మాత్రం నవ్వలేదు, ఆలోచించారు. "మన రూల్సులో సెలవు లేదు బావా. చచ్చినవాళ్ళు పెట్టెలోకి పోతారు, మళ్ళీ ఆదివారం బయటికొస్తారు" అన్నారు. ఎంత సౌకర్యం! నిజం యుద్ధాలు కనిపెట్టినవాళ్ళకు ఇంత చిన్న సంగతి ఎందుకు తట్టలేదో.

సెలవు అయిపోయింది. టాక్సీ వచ్చి గేటు ముందు ఆగింది. పాప అప్పటికి తండ్రి వేలు పట్టుకునేదాకా వచ్చింది, చంక ఎక్కడానికి ఇంకా ఒప్పుకోలేదు. మరో నాలుగు రోజులుంటే ఎక్కేదేమో. ఆ నాలుగు రోజులూ కింది వాటాలో, భోజనాల బల్ల మీద, ఇసుక బస్తాలై ఉన్నాయి. చాలా చక్కగా పేర్చి ఉన్నాయి.

జనరల్‌గారు గేటు దాకా సాగనంపడానికి వచ్చారు. "బావా, మర్చిపోకు. ఈసారి వచ్చేటప్పుడు అక్కడి మట్టి ఒక డబ్బాడు పట్టుకురా. ఎంతైనా నిజం మట్టి పడితే ఆ కళే వేరు."

బావ అలవాటుగా తలూపాడు. ఇన్నాళ్ళూ ఎదురు చెప్పని చెల్లెలు మాత్రం అన్నగారి మొహంలోకి చూసింది.

"మట్టి సంగతి తర్వాత అన్నయ్యా. ముందు ఆయన్ని రానీ."

టాక్సీ కదిలింది. "నేను చెప్పిందీ వచ్చేటప్పుడేగా!" అనుకుంటూ జనరల్‌గారు లోపలికి వెళ్ళిపోయారు.