కొంగ గోలు కొట్టిన శనివారం

ఆ సోమవారం శాతంగారి కార్యక్రమం చాలా సాదాసీదాది. కాఫీ తాగడం, భార్యను స్కూలు దగ్గర దింపడం, ఆఫీసుకు వెళ్ళడం, సాయంత్రం దాకా నోరు మూసుకుని కూర్చోవడం. మొదటి మూడు పనులూ ఆయన రోజూ చేసేవే. నాలుగోది మాత్రం బుద్ధెరిగిన దగ్గర నుంచి ఒక్కసారి కూడా చేసిన పాపాన పోలేదు.

శాతంగారు అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. వాహన బీమా ఆఫీసులో ఏ కాలంలో ఎన్ని కార్లు గుద్దుకుంటాయో అంచనా కట్టడం ఆయన ఉద్యోగం. పాలు కాగాయా అని ఇంట్లో అడిగినా "సుమారు ఎనభై శాతం" అని జవాబిచ్చే మనిషి. ఆఫీసులో ఎవరో సరదాకి పెట్టిన పేరు అలాగే అతుక్కుపోయింది. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి ఎవరినా అని చూస్తారు.

"ఏమండీ, సముద్రం దగ్గర గది చెప్పేశాను," అంది భార్య, కూతురి డబ్బా మూత బిగిస్తూ.

"సెలవు సంగతి ఇంకా తేలలేదోయ్."

"మా స్కూలుకి ఆ ఒక్క వారమే సెలవులు. మీరొస్తే ముగ్గురం వెళ్తాం. రాకపోతే నేనూ పాపా మా తమ్ముడితో వెళ్తాం."

ఆవిడ కోపంగా అని ఉంటే ఆయనకు అంత దిగులు వేసేది కాదు. కూరగాయల సంచీ ఎక్కడుందో చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆయన రారని ముందే లెక్కేసుకుని, ఆ లెక్కకు అలవాటు కూడా పడిపోయింది.

స్కూళ్ళకు సెలవులిచ్చే ఆ వారం ఆఫీసులో అందరికీ కావాలి. మేనేజరు మాత్రం ఆ సెక్షన్‌లో ఒక్కరినే వదులుతాడు. ఒకప్పుడు ఈ సెలవు కోసం మూతి విరుపులు, మాటలు మానేయడాలు చాలానే జరిగాయి. చివరికి అందరూ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. ఫాంటసీ ఫుట్‌బాల్‌లో ఎవరు గెలిస్తే వాళ్ళదే సెలవు. ఎవరి ఫోన్‌లో వాళ్ళు నిజం ఆటగాళ్ళను ఏరుకుని ఒక జట్టు కట్టుకుంటారు. శనివారం వాళ్ళు మైదానంలో గోలు కొడితే, ఇక్కడ కుర్చీలో కూర్చున్న వీళ్ళకు మార్కులు పడతాయి. వారానికి ఒక ఆటగాణ్ణి మార్చుకోవచ్చు, శుక్రవారం సాయంత్రం దాకా మనసూ మార్చుకోవచ్చు. ఆ తరవాతే ఒకరి జట్టు ఒకరికి కనిపిస్తుంది. ఇప్పుడు ఆఖరి శనివారం మిగిలింది. క్యాషియరమ్మ అందరికంటే ముందుంది. శాతంగారు ఆవిడ వెనకాలే, అందీ అందనంత దూరంలో ఉన్నారు.

ఇందులో తమాషా ఏమిటంటే, శాతంగారు జన్మలో ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా పూర్తిగా చూడలేదు. పైగా అది తన బలమని ఆయన నమ్మకం. చూస్తే కళ్ళు మోసం చేస్తాయి, అంకెలు చేయవంటారు. అందుకే ఆదివారమంతా పోయిన సీజన్ గణాంకాల మీద పడి, ఊళ్ళో ఎవరికీ పట్టని ఒక నిధిని తవ్వి తీశారు.

ఆ నిధి ఒక ఎర్రజుట్టు డిఫెండరు. గోల్స్ ఆపడమే తప్ప కొట్టడం అతని పని కాదు. కానీ పోయిన సీజన్‌లో వాన పడిన మ్యాచ్ ఆడినప్పుడల్లా అతను గోలు కొట్టాడు. ఎండ కాసిన రోజున ఒక్కటీ లేదు. వచ్చే శనివారం ఊళ్ళోనూ, ఊరవతల ఆ మైదానం ఉన్న వైపూ భారీ వర్షమని వాతావరణం వాళ్ళు చెబుతున్నారు. వాన పడితే కార్లు గుద్దుకుంటాయని ఇన్నేళ్ళుగా లెక్కలు కట్టిన మనిషికి, వాన పడితే డిఫెండరు గోలు కొడతాడన్నది ఏమాత్రం వింతగా తోచలేదు. ఈ రహస్యం శుక్రవారం దాకా కడుపులో దాచుకుంటే సముద్రం ఖాయం.

పదిన్నర కాకుండానే ఆఫీసు లాయరు టీ కప్పుతో ఆయన బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏంటి గురూ, మొహం వెలిగిపోతోంది?"

"ఏం లేదు. ఏమీ లేదు," అన్నారు శాతంగారు. ఆ తరవాత ఊపిరి నాలుగైదుసార్లు బిగబట్టి చూశారు. లాభం లేకపోయింది. "ఎవరితోనూ అననని ఒట్టేస్తే ఒక్కటి చెబుతాను."

లాయరు ఒట్టేశాడు. వృత్తిధర్మంగా రోజూ వేసేవాడే కాబట్టి కష్టం అనిపించలేదు. శాతంగారు ఎర్రజుట్టు చరిత్రంతా పూసగుచ్చినట్టు చెప్పి, "వాన పడితే గోలు సుమారు తొంభై శాతం" అని ముగించారు.

మధ్యాహ్నానికి రిసెప్షన్ అమ్మాయి వచ్చి, "సార్, శనివారం వాన గ్యారంటీనే కదా?" అని అడిగింది. మర్నాడు క్యాషియరమ్మ కాగితాలు ఇచ్చి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఎర్రజుట్టంటే ఆ గెడ్డం అబ్బాయా, గెడ్డం లేనివాడా సార్?" అంది. సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ సెల్యూట్ కొట్టి, తనకు ఆటతో ఏ సంబంధమూ లేకపోయినా, "మబ్బు బాగానే పట్టింది సార్, మీకేం భయం లేదు," అని ధైర్యం చెప్పాడు. శాతంగారికి తల తిరిగిపోయింది. ఎర్రజుట్టు అందరి జట్టులోనూ ఉంటే అందరికీ మార్కులు పడతాయి, క్యాషియరమ్మ ముందే ఉంటుంది, తాను వెనకే ఉంటారు.

బుధవారం వ్యవహారం మరో మలుపు తిరిగింది. మేనేజరు గదిలోంచి బయటికి వచ్చేసరికి సెక్షన్ మొత్తం కిటికీ దగ్గర మెడలు చాచి ఆకాశం చూస్తోంది. లాయరు ఫోన్‌లో వాతావరణ వార్తలు వింటున్నాడు.

"ఏమిటిది?"

"శనివారం వాన సార్," అన్నాడు లాయరు ఉలిక్కిపడి. "చాలా ముఖ్యం సార్ మాకు."

మేనేజరు పొంగిపోయాడు. ఇన్నేళ్ళ సర్వీసులో వానకు దెబ్బతినే కార్ల గురించి ముందే బెంగపెట్టుకున్న సిబ్బందిని ఆయన చూడలేదు. వెంటనే లోపలికి వెళ్ళి గ్యారేజీలన్నిటికీ ఫోన్లు చేశాడు. చెడిపోయిన బళ్ళను లాక్కెళ్ళే వ్యాన్లు మాట్లాడి పెట్టాడు. పై ఆఫీసుకు ఫోన్ చేసి, మా వాళ్ళు ఆకాశం మీద కన్నేసి ఉంచారని గర్వంగా చెప్పాడు. ఈ హడావిడంతా తన నోటి నుంచి పుట్టిందని తెలిసిన శాతంగారు ఒక ఫైలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

గురువారం భోజనాల వేళకు ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. జీవితంలో ఎన్నడూ చేయని పని, ఒక తప్పుడు లెక్క చెప్పాలి. డబ్బా తెరిచి, ఎవరితోనో కాదన్నట్టు గాల్లోకి చూస్తూ, "నేను ఎర్రజుట్టుని తీసేస్తున్నాను," అన్నారు.

నమలడాలు ఆగిపోయాయి.

"మరి ఎవరిని పెడుతున్నారు సార్?" అంది రిసెప్షన్ అమ్మాయి.

"కొంగని."

కొంగ అని అభిమానులు ముద్దుగా పిలుచుకునే ఆ స్ట్రైకరుకు ఉన్నవల్లా పొడుగాటి కాళ్ళు. వాటిని ఎటు వేయాలో అతనికి ఎప్పుడూ తేలదు. పోయిన సీజన్‌లో సగం మ్యాచులు మైదానం బయట బెంచీ మీద కూర్చుని గడిపాడు, మిగతా సగం మైదానంలో నించుని గడిపాడు.

"కొంగా!" అన్నాడు లాయరు.

"పోయిన సీజన్ చివరి మ్యాచుల్లో, పరాయి మైదానంలో, ఎడమవైపు నుంచి బంతి అందినప్పుడు కొంగ గోలు కొట్టే అవకాశం డెబ్భై మూడు పాయింట్ నాలుగు శాతం," అన్నారు శాతంగారు. పాయింటు తరవాత అంకె ఉంటే ఎవరూ అనుమానించరన్నది ఆయన వృత్తిలో నేర్చుకున్న విషయం.

క్యాషియరమ్మ ఆయన వైపు తేరిపార చూసింది. "డెబ్భై మూడు పాయింట్ నాలుగా సార్?"

"అక్షరాలా."

"సరే సార్," అని ఆవిడ డబ్బా కడుక్కోవడానికి లేచింది. మిగతా ఇద్దరూ ఆవిడ వెనకే వెళ్ళారు. కుళాయి దగ్గర చాలాసేపు గుసగుసలు వినిపించాయి.

శుక్రవారం సాయంత్రం గడువు దాటగానే ఫోన్‌లో చూసుకుంటే, ముగ్గురి జట్లలోనూ కొంగ ఒంటికాలి మీద నించుని ఉన్నాడు. ఎర్రజుట్టు శాతంగారికి ఒక్కరికే మిగిలాడు. అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. అయినా ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు. రిసెప్షన్ అమ్మాయి నమ్మకంగా అడిగిన తీరే కళ్ళముందు మెదిలింది.

శనివారం వాన కుండపోతగా కురిసింది. ఎర్రజుట్టు మ్యాచ్ చూడాల్సిందేనని కూతురు పట్టుబడితే శాతంగారు మొదటిసారి టీవీ ముందు కూర్చున్నారు. మైదానం చెరువులా ఉంది. నల్లచొక్కా రిఫరీ గొడుగు కింద నుంచి వచ్చి బంతిని పైనుంచి వదిలాడు. బంతి చప్పున నీళ్ళలో పడి అక్కడే తేలుతూ ఉండిపోయింది. రిఫరీ రెండు చేతులూ ఊపి లోపలికి వెళ్ళిపోయాడు.

"ఇప్పుడేమవుతుంది?" అన్నారు శాతంగారు.

"ఏమవుతుంది, మ్యాచ్ రద్దు. వాన మరీ ఎక్కువైతే ఆడరు నాన్నా, నీకు తెలీదా?"

"లెక్కల్లో అలా లేదే!"

"ఆడని మ్యాచ్ లెక్కల్లో ఎలా ఉంటుంది?" అంది కూతురు.

ఉద్యోగంలో చేరాక ఇంత చిన్న ప్రశ్న, ఇంత గట్టిగా, ఎవరూ ఆయనను అడగలేదు.

ఇంకో ఊళ్ళో వాన లేదు. అక్కడ కొంగ ఆడుతున్నాడు. మొదటి గోలు మోకాలికి తగిలి లోపలికి పోయింది. రెండోసారి అతను బూటు తాడు కట్టుకుని లేస్తుంటే బంతి తల వెనక తగిలి లోపలికి పోయింది. మూడోసారి జారి పడ్డాడు, బంతీ అతనూ కలిసి లోపలికి పోయారు. జనం వెర్రెత్తిపోయారు. భార్య ఆయన మొహం ఒకసారి చూసింది. లోపలికి వెళ్ళి తమ్ముడికి ఫోన్ చేసింది.

సోమవారం శాతంగారు తప్పు ఒప్పేసుకుందామని కాళ్ళీడ్చుకుంటూ ఆఫీసుకు వెళ్ళారు. గెలిచినవాళ్ళు సంబరంగా ఉంటారనుకుంటే, ముగ్గురూ దిగాలుగా మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు.

"అమ్మా, సెలవు మీదే. అభినందనలు," అన్నారాయన. "కానీ ఆ కొంగ లెక్క నేను..."

"కల్పించారు. తెలుసు సార్," అంది క్యాషియరమ్మ విసుగ్గా.

"తెలుసా?"

"నిజం చెప్పేటప్పుడు మీరు సుమారు అనకుండా ఒక్క అంకె చెప్పరు. ఆ రోజు అక్షరాలా అన్నారు. అప్పుడే అర్థమైంది."

"మరి తెలిసీ ఎందుకు పెట్టుకున్నారు?"

రిసెప్షన్ అమ్మాయి తల వంచుకుని గొణిగింది. "ఓడిపోదామని సార్."

"బుధవారం మీ పాప ఫోన్ చేసింది, మీరు సీట్లో లేరు, నేనెత్తాను," అంది క్యాషియరమ్మ. "ఈతకి వేసుకునే రింగు ఇప్పుడే సర్దుకోవచ్చా, మా నాన్న లెక్కలు చూశాడు, ఈసారి వస్తాడు అంది. పోయిన సీజన్ లెక్కలన్నీ తిరగేశారు కదా, అందులో మీ లెక్క ఒక్కటీ చూసుకోలేదా? ఏటా ఆ వారం వచ్చిందంటే మేం ఒకళ్ళ తరవాత ఒకళ్ళం పోయాం. మీరొక్కరే ఇక్కడ కూర్చుని మా ఫైళ్ళు చూశారు. మా పిల్లలందరూ సముద్రం చూసేశారు. మీ పాప చూడలేదు."

శాతంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది ఎంతకీ శుభ్రపడలేదు.

"మీరెలాగూ గెలవాలనుకున్నారు, మమ్మల్ని ఓడించే దారి కూడా మీరే చూపించారు, సరే కానిమ్మనుకున్నాం," అన్నాడు లాయరు. "ఆ దరిద్రపు కొంగ పుట్టినప్పటి నుంచి కొట్టనివాడు ఇప్పుడే కొట్టాలా గురూ? మనస్ఫూర్తిగా ఓడిపోదామన్నా ఓడనివ్వలేదు!"

అంతలో మేనేజరు తలుపు తోసుకుని సుడిగాలిలా వచ్చాడు. శనివారం వానకు ఊరంతా కార్లు నీళ్ళలో చిక్కుకుంటే, ముందే వ్యాన్లు సిద్ధం చేసుకున్న బ్రాంచి తమదొక్కటేనట. పై ఆఫీసు వాళ్ళు స్వయంగా ఫోన్ చేసి మెచ్చుకున్నారట. "మీ అందరి ముందుచూపు! ఏం కావాలో అడగండి," అన్నాడు ఉబ్బి తబ్బిబ్బవుతూ.

"ఆ వారం సెలవు శాతంగారికి ఇవ్వండి సార్," అంది క్యాషియరమ్మ.

"అదేంటి, గెలిచింది మీరని విన్నానే?"

"పొరపాటున గెలిచాను సార్. క్షమించండి."

మేనేజరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ, అర్థం కాకపోయినా సంతకం పెట్టడం ఆయనకు అలవాటే. కాగితం చేతిలో పడగానే శాతంగారు వరండాలోకి వెళ్ళి భార్యకు ఫోన్ చేశారు.

"ఏమోయ్, మీ తమ్ముణ్ణి రావద్దని చెప్పు. నేనొస్తున్నాను."

"నిజంగానా? గెలిచారా?"

"లేదు, నేను అందరికంటే కిందికి పడిపోయాను."

"మరి సెలవు?"

"నేను గెలవడానికి వాళ్ళని మోసం చేశాను. వాళ్ళు నా కోసం కావాలని మోసపోయారు. ఓడిపోవడానికి ముగ్గురూ చాలా కష్టపడ్డారు, కానీ కుదర్లేదు. అందుకని మేనేజరు మా ముందుచూపుకి మెచ్చుకుని ఇచ్చాడు."

ఆవిడ అంతా శ్రద్ధగా విని, ఒక్క క్షణం ఆలోచించింది.

"ఇంతకీ మీ ఆఫీసులో ఎవరైనా పని కూడా చేస్తారాండీ?"